బండలు లేని కోర్టు

మా బాస్కెట్‌బాల్ సార్ రిటైరైన నెలలోనే ఆయన స్థానంలో నన్ను పెట్టారు. ఈ మాట ఎక్కడ చెప్పినా వినేవాళ్ళు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు. అందుకని అదెలా జరిగిందో ముందే చెప్పేస్తాను. అమ్మాయిల జట్టు వేరే ఊరికి వెళ్తే వెంట ఒక ఆడమనిషి ఉండాలని నిబంధన. మా తాండూరు కాలేజీలో బంతి పట్టుకోవడం తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అక్కడే డిగ్రీ చదివాను, మూడేళ్ళు ఆ జట్టులోనే ఆడాను, ఇప్పుడు అక్కడి లైబ్రరీలోనే అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. అంతకుమించి వాళ్ళు నాలో చూసిందేమీ లేదు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కూర్చోమని కూడా అనకుండా చెప్పారు. "వికారాబాద్ టోర్నమెంట్ దాకా నువ్వు చూసుకోమ్మా. తర్వాత ఒక మంచి కోచ్‌ను తెచ్చుకుందాం."

మామూలుగా అయితే తలూపి వచ్చేసేదాన్ని. నా జీవితంలో సగం తలూపడంతోనే గడిచింది. ఆ రోజు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాను.

"గెలిస్తే సార్?"

ఆయనకు వినపడలేదు. నా గొంతు అంతే ఉంటుంది. మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"వికారాబాద్‌లనా?" అని ఆయన నవ్వారు. "ఒక్క మ్యాచ్ గెలువమ్మా, కోచ్‌వి నువ్వే. పో."

ఆ నవ్వుకు కారణం ఉంది. సార్ ఉన్న ఇరవై ఏళ్ళ పైచిలుకు కాలంలో మా జట్టు వికారాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా నేను ఆయన మాటను మాటగానే తీసుకున్నాను. ఆ పని నాకు కావాలి. క్లాసులో, పెళ్ళిళ్ళలో, బస్సులో, ఎక్కడైనా నలుగురిలో ఉండాలంటే మాట్లాడాలి. కోర్టులో ఆ అవసరం లేదు. పాస్ ఇస్తే చాలు, అవతలి మనిషి నన్ను చూస్తుంది. అలాంటి చోటు నాకు ఇంకొకటి దొరకలేదు. దాన్ని ఎవరో "మంచి కోచ్" కోసం ఖాళీ చేయడం నాకు ఇష్టం లేదు.

సార్ గురించి చెప్పాలంటే బండల గురించి చెప్పాలి. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు కాలేజీ వెనక నల్లరేగడి నేల, రెండు ఇనుప స్తంభాలు ఉండేవట. వానాకాలం బంతి బురదలో దిగబడేది. సార్ స్కూటర్ వేసుకుని ఊరి చుట్టూ ఉన్న నాపబండల పాలిషింగ్ యూనిట్లన్నీ తిరిగి, మూల విరిగిన బండలూ రంగు తేడా వచ్చినవీ అడిగి తెచ్చారు. తాండూరులో ఇంటి నేల, వంటగట్టు, బట్టలుతికే అరుగు అన్నీ ఆ బండలే. కోర్టు కూడా ఆ బండలతోనే వేశారు. ఒక్కొక్కటి రెండడుగులు. చాలావరకు ఆయన చేతులతో పరిచినవే.

నున్నటి బండ మీద పెయింటు నిలవదు. ఎన్నిసార్లు గీతలు వేసినా రెండు వానలకు పొరలుగా లేచిపోయేవి. చివరికి సార్ గీతలను వదిలేసి బండలను లెక్కపెట్టించడం మొదలుపెట్టారు. రింగు కింద ఉన్నది ఒకటో బండ. "ఐదో బండ మీద కుడికాలు, మూడో బండ మీద ఎడమకాలు, ఎగురు!" ఫ్రీ త్రో వేసేది ఏడో బండ మీద. ఎవరు ఎక్కడ నిలబడాలి, పాస్ ఎక్కడినుంచి ఇవ్వాలి, అన్నీ నంబర్లే. కొత్తగా వచ్చిన పిల్లకు మొదటి నెల బంతి ముట్టనిచ్చేవారు కాదు. కళ్ళు మూసుకుని పరిగెత్తమని, మధ్యలో "ఆగు! ఏ బండ?" అని అడిగేవారు. తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచి. నాకు రెండు వారాల్లో వచ్చేసింది. నడుస్తున్నప్పుడు ఇప్పటికీ అరికాళ్ళకు బండల మధ్య సందులు తగులుతున్నట్టే ఉంటుంది.

మా కోర్టుకు వచ్చిన జట్లన్నీ ఓడిపోయి వెళ్ళేవి. బంతి ఏ సందులో పడితే ఎటు లేస్తుందో మాకు తెలుసు, వాళ్ళకు తెలియదు. వికారాబాద్ వెళ్తే మేం ఓడిపోయేవాళ్ళం. దానికి సార్ చెప్పే కారణం ప్రతిసారీ ఒకటే.

"దునియా మొత్తం మంచి గాలికని వికారాబాద్ వస్తది. మనకే గా గాలి పడది."

అందరం నవ్వేవాళ్ళం. ఓడిపోయి రైల్లో తిరిగి వస్తూ కూడా నవ్వేవాళ్ళం.

ఆయన లేకపోతే నేను డిగ్రీ పూర్తిచేసేదాన్ని కాదు. మాది పెద్దేముల్ దగ్గరి పల్లె. మా వాళ్ళు గొర్లు కాసేవాళ్ళు, నాన్న ఇప్పటికీ కాస్తాడు. ఫస్టియర్ రెండో నెలలోనే నేను కాలేజీ మానేశాను. ఎవరూ ఏమీ అనలేదు. క్లాసులో నిలబెట్టి పేరడిగితే చెప్పలేక మానేశాను. ఒక ఆదివారం సార్ స్కూటర్ వేసుకుని మా ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, నాన్నతో అన్నారు.

"నీ బిడ్డ కాళ్ళల్ల దమ్మున్నది. గొర్లెంబడి ఉరికిన కాళ్ళు. నాకియ్యి."

"మాట్లాడదు సార్ అది," అన్నాడు నాన్న, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"మాట్లాడేటోళ్ళు నాకు మస్తుమంది ఉన్నరు. ఉరికేటోళ్ళే లేరు."

మర్నాడు షేర్ ఆటో ఎక్కాను. అలాంటి మనిషిని కాదని ఒక పని చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే చేశాను.

జట్టు నా చేతికి వచ్చిన వారంలో నా పాత డైరీలు తీశాను. రోజూ రాసే అలవాటు ఇంటర్‌నుంచే ఉంది. ఆ రోజుల్లో మ్యాచ్ అయ్యాక ఏం జరిగిందో వరసగా రాసేదాన్ని. సార్ ప్రాక్టీసు ఎలా చేయించేవారో గుర్తు తెచ్చుకుందామని చదవడం మొదలుపెట్టాను. మొదటి సంవత్సరం వికారాబాద్ మ్యాచ్ దగ్గర "కాలు తప్పింది" అని ఉంది. రెండో సంవత్సరం అదే మాట, కింద రెండు గీతలు గీసి మరీ. మూడో సంవత్సరం "నాకే కాదు, ఇవాళ అందరికీ కాలు తప్పింది. ఎందుకో తెలియదు" అని ఉంది. తాండూరులో ఆడిన మ్యాచ్‌ల గురించి ఎన్నో పేజీలున్నాయి. వాటిలో ఆ మాట ఒక్కసారి కూడా లేదు. మూడేళ్ళు నా కాళ్ళను నేనే తిట్టుకున్నాను. లైబ్రరీ బల్ల ముందు కూర్చుని ఆ మూడు పేజీలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒళ్ళు మండింది. వికారాబాద్‌లో ఉన్నది ఆకుపచ్చ రంగు వేసిన సిమెంటు కోర్టు. అక్కడ లెక్కపెట్టడానికి బండల్లేవు.

అనుమానం నిజమో కాదో చూడాలి. కాలేజీ డేకి వేదిక ముందు పరిచే ఆకుపచ్చ తివాచీ ఒకటి స్టోర్‌రూంలో ఉంటుంది. మర్నాడు సాయంత్రం దాన్ని తెచ్చి రింగు కింద పరిపించి, అంచుల మీద ఇటుకలు పెట్టించాను. సార్ రిటైరైనా రోజూ నాలుగున్నరకు వచ్చి, వేపచెట్టు కింద తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. అక్కడినుంచే అరిచారు.

"ఏందే, పెండ్లున్నదా? తివాచీలు పరుస్తున్నరు?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను కెప్టెన్‌ను పిలిచాను. ఫైనలియర్ అమ్మాయి, తాండూరు మనిషే, తను అబ్బా అని పిలిచే వాళ్ళ నాన్న పప్పు మిల్లులో మిస్త్రీ. మా జట్టులో అందరికంటే బాగా ఆడుతుంది. ఐదుసార్లు పరిగెత్తి వచ్చి బంతి వేయమన్నాను. మొదటిసారి రింగుకు చాలా ముందే ఎగిరింది. రెండోసారి ఒక అడుగు ఎక్కువేసింది. మూడోసారి బోర్డు కిందికే వెళ్ళిపోయింది.

"జారుతుందక్కా."

"బూట్లు విప్పి వెయ్యి."

విప్పి వేసింది. మిగిలిన రెండూ పోయాయి. తివాచీ తీయించాను. ఈసారి ఐదుకు ఐదూ పడ్డాయి. కెప్టెన్ బంతిని చంకలో పెట్టుకుని కాసేపు కిందికి చూసి, తర్వాత పైకి చూసింది.

"అక్కా, నేను రింగు చూస్తనే లేనా?"

"చూడవు. నేను కూడా మూడేండ్లు చూడలే."

చెట్టు కింద కుర్చీ కిర్రుమంది. సార్ లేచి వెళ్ళిపోయారు, ఆ రోజు టీ కూడా తాగకుండా.

ఆ తర్వాతి పని కెప్టెన్ చేసింది. వాళ్ళ అబ్బాతో మిల్లు యజమాని సేఠ్‌కు చెప్పించింది. మిల్లు వెనక కందులు ఆరబోసే జాగా ఉంది, అంతా సిమెంటు, ఎక్కడా సందు లేదు. కొత్త కందులు దిగేదాకా ఖాళీ. "ఆడుకోండ్రి గాని షెడ్డు రేకులకు బాల్ కొట్టకుండ్రి" అని వెనక గేటు తాళం ఇచ్చాడట సేఠ్. వాళ్ళ అబ్బా ఒక పాత పైపుకు రింగు వెల్డింగ్ చేసి నిలబెట్టాడు. తెల్ల పెయింటుతో గీతలు వేశాం. ఆ గీతలు చెరిగిపోలేదు. మొదటి రోజు పిల్లలు జాతరలో తప్పిపోయిన వాళ్ళలా నడిచారు. ఇద్దరు ఏడ్చారు. ఒకమ్మాయి రింగు కింది పెట్టెలాంటి గీతల మధ్య హాయిగా నిలబడిపోయింది. అక్కడ మూడు సెకన్లకు మించి నిలబడకూడదని పుస్తకంలో చదివిందిగానీ, ఆ పెట్టెను నేల మీద ఎప్పుడూ చూడలేదు.

మూడో రోజుకు ఊళ్ళో తెలిసిపోయింది. జట్టు వాట్సాప్ గ్రూపులో పాత ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు, సార్ కూడా. ఆ రాత్రి వరసగా మెసేజ్‌లు.

"నువ్వెవరు సార్ కోర్టు బంద్ పెట్టనీకి?"

"పుస్తకాలల్ల చదివి కోచింగ్ ఇస్తుందంట."

"లైబ్రరీ కోచ్. సైలెన్స్ ప్లీజ్."

ఆ చివరిదానికి నవ్వే బొమ్మలు చాలా వచ్చాయి. తర్వాత బూడిదరంగు అక్షరాల్లో ఒక చిన్న వాక్యం కనపడింది. సార్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నేను పెద్ద జవాబు టైపు చేశాను, తీసేశాను. ఇంకోటి టైపు చేశాను, అదీ తీసేశాను. చివరికి ఒకటే పంపాను. "రేపు నాలుగున్నరకు మిల్లులో ప్రాక్టీసు. ఎవరూ లేటుగా రావద్దు."

మర్నాడు మధ్యాహ్నం సార్ లైబ్రరీకి వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గడప తొక్కడం నేను చూడలేదు. బీరువాల మధ్య మరీ పొడుగ్గా కనిపించారు. గొంతు తగ్గించలేదు.

"నా బండలు గుచ్చుకుంటున్నయా బిడ్డా?"

నేను లేచి నిలబడ్డాను. చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు తలలెత్తారు.

"వికారాబాద్‌ల బండలు లేవు సార్."

"లేకుంటే?"

"లేకుంటే మన పిల్లలు ఆడలేరు. నేను ఆడలే. గాలి గాదు సార్. బండలే."

ఆయన నా టేబుల్ మీదున్న స్టాంపు తీసి చూసి, మళ్ళీ పెట్టేశారు.

"ఇరవై ఏండ్లు నేను తప్పు నేర్పిన్నంటవ్."

కాదని అనడం ఎంత సులువో నాకు తెలుసు. "అట్ల కాదు సార్" అంటే ఆయన ముఖం తేలికపడేది, నేను మళ్ళీ మంచిపిల్లనయ్యేదాన్ని.

"ఇక్కడ గెలవనీకి నేర్పిన్రు," అన్నాను. "బయట గెలవనీకి నేర్పలే."

"నోరు లేదనుకున్న నీకు."

"నేను గూడ గట్లనే అనుకున్న సార్."

ఆయన వెళ్ళాక ఒక బీరువానే మూడుసార్లు తుడిచాను. కానీ ఆ మాటల్లో ఒక్కదాన్నైనా వెనక్కి తీసుకోవాలనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఇంటికి ఆ సంగతి నాకంటే ముందే చేరింది. అమ్మ రొట్టెలు చేస్తూ నా వైపు చూడకుండా అంది. "గా పెద్దమనిషి మనింటికొచ్చి తీస్కపోయిండు నిన్ను. గది యాదున్నదా?"

"ఉన్నది."

"మరి గిట్లెందుకు చేస్తున్నవే?"

"ఉరకనీకి తీస్కపోయిండు అమ్మా. ఉరుకుతున్న."

అమ్మ రొట్టెను పెనం మీద గట్టిగా కొట్టింది. వెళ్ళి క్షమించమని అడగమంది. అడగనన్నాను. 

ఆరు వారాలు మిల్లులోనే ఆడాం. కిందికి చూసిన ప్రతిసారీ ఒక రౌండు పరుగు అని నియమం పెట్టాను. మొదటి వారం అందరికంటే ఎక్కువ పరిగెత్తింది కెప్టెనే. చివరి వారం ఒకరిద్దరు తప్ప ఎవరూ పరిగెత్తే అవసరం రాలేదు. నా దగ్గర విజిల్ లేదు, అరవడం రాదు. చప్పట్లు కొట్టి ఆపేదాన్ని. పిల్లలకు అది అలవాటైంది. హమాలీలు కూడా ఒకటి రెండుసార్లు నా చప్పట్లకు బస్తాలతో ఆగిపోయారు.

టోర్నమెంట్ రోజు పొద్దున రైలెక్కాం. ధారూర్ దాటేదాకా పిల్లలు పాటలు పాడారు, తర్వాత ఒక్కొక్కరే ఊరుకున్నారు. వికారాబాద్ కోర్టు దగ్గర గోడ మీద కూర్చున్న కుర్రాళ్ళు మమ్మల్ని చూడగానే మొదలుపెట్టారు. "అరేయ్, బండలొచ్చినయ్ రా! జర జరుగుండ్రి!" స్కోర్ టేబుల్ దగ్గర ఒకాయన నా తల పక్కనుంచి వెనక్కి చూశాడు.

"మీ సార్ రాలేదా?"

"రిటైరయ్యిన్రు."

"మరి కోచ్?"

"నేనే."

"మేనేజర్‌ది గాదమ్మా, కోచ్ సంతకం కావాలె."

"కోచ్‌ను నేనే," అని ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.

మొదటి మ్యాచ్ ఆ ఊరి కాలేజీతోనే. మొదటి క్వార్టర్ అయ్యేసరికి పదకొండు–నాలుగుతో వెనకబడ్డాం. కొత్త నేల, జనం, అరుపులు. కెప్టెన్ రెండుసార్లు పరిగెత్తుతూ పరిగెత్తుతూ కిందికి చూసింది. నేను చప్పట్లు కొట్టాను, ఆ గోలలో వినపడలేదు. రెండోసారి అలా చూసినప్పుడు నాకు తెలియకుండానే గీత దాకా వెళ్ళిపోయి అరిచాను.

"కింద ఏమున్నదే? రింగు చూడు!"

అంత పెద్ద గొంతు నాలో ఉందని నాకు తెలియదు. రిఫరీ నన్ను వెనక్కి వెళ్ళమని చెయ్యి ఊపాడు. బెంచీ మీది పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. టైమౌట్ తీసుకున్నాను. అందరూ చుట్టూ చేరారు. ఏదో పెద్ద ప్లాన్ చెప్తాననుకున్నారు.

"ఓడిపోతే మళ్ళ గాలి పేరే చెప్తరు," అన్నాను. "గా గాలికి నోరుంటే ఈ పాటికి మన మీద కేసేస్తుండె."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నేను జోకు వేయడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు. తర్వాత కెప్టెన్ తాగుతున్న నీళ్ళు కక్కేంతగా నవ్వింది, అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే కోర్టులోకి వెళ్ళారు. ఆ తర్వాత ఎవరూ కిందికి చూడలేదు. మూడో క్వార్టర్‌లో అందుకున్నాం. చివర్లో ఒక్క పాయింటు తేడాతో ముందున్నప్పుడు కెప్టెన్ ఇద్దరి మధ్యలోంచి దూసుకొచ్చి, ఎక్కడినుంచి ఎగిరిందో తనకే తెలియకుండా ఎగిరి బంతి వేసింది. ముప్పై ఒకటి–ఇరవై ఎనిమిది. గోడ మీది కుర్రాళ్ళు అప్పటికే దిగి వెళ్ళిపోతున్నారు.

మధ్యాహ్నం రెండో మ్యాచ్‌లో ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అందులో బండల తప్పేమీ లేదు. వాళ్ళు మాకంటే బాగా ఆడారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లోంచి కెప్టెన్ సార్‌కు ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి. స్కోరు చెప్పింది. ఆయన అడిగింది ఒకటే.

"ఫ్రీ త్రోలెన్ని పోయినయ్?"

"నాలుగు సార్."

"నాలుగా?" అని చిరాకుపడి పెట్టేశారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని అభినందించారు, ఒక్కో స్వీటు ఇప్పించారు. పిల్లలను పంపేసి నన్ను ఉండమన్నారు. సార్ అప్పటికే ఆ గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"శాభాష్ అమ్మా. కొత్త కోచ్ వచ్చే సోమవారం చేరుతున్నడు. మన పాత స్టూడెంటే, హైదరాబాద్‌ల జిమ్ నడిపిస్తడు. మిల్లు తాళం, బాల్స్ అతనికి అప్పజెప్పు."

"గెలిస్తే నేనే అన్నరు సార్."

ఆయన చేతులు చాపారు. "గెలుస్తరని ఎవరనుకున్నరమ్మా!"

నిజంగానే అన్నారు, దాచుకోకుండా. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం వల్ల కాబోలు, భయం వేయలేదు.

"అనుకోలే కాబట్టి ఒప్పుకున్నరు. ఇప్పుడు గెలిచినం కాబట్టి ఇయ్యాలె. నేను అప్పజెప్ప సార్."

"ఏంది?"

"అప్పజెప్ప."

ఆయన సార్ వైపు తిరిగారు. "మీరు చెప్పండి సార్. మీ జట్టు. మీరెట్ల అంటే గట్ల."

సార్ కిటికీలోంచే చూస్తూ అన్నారు. "ఆమె నా మాట వినది."

"విన్నవా?" అన్నారు ప్రిన్సిపాల్.

"అవును, వినను," అన్నాను. "వింటే నిన్న ఓడిపోతుంటిమి."

 సార్ మోకాళ్ళ మీద చేతులు పెట్టి నెమ్మదిగా లేచారు. నా వైపు చూడలేదు.

"గెలిచింది గద," అన్నారు ప్రిన్సిపాల్‌తో. "స్కోరు స్కోరే." తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

ప్రిన్సిపాల్ గారు కాసేపు పెన్ను తిప్పి, సరే ఈ సంవత్సరం నువ్వే చూడమన్నారు. రాసివ్వమన్నాను. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతానన్నారు. నేను బయటికి వెళ్ళలేదు. ఆయన టేబుల్ మీది కాగితమే తీసుకుని, అక్కడే నిలబడి రాశాను. ఆయన చదివి, "కోచ్" అన్న చోట వేలు పెట్టి, ముందు "తాత్కాలిక" అని చేర్చమన్నారు. చేర్చలేదు. మీరు చెప్పిన మాటలో అది లేదన్నాను. ఆయన నిట్టూర్చి సంతకం పెట్టారు.

కోచ్‌గా నేను ఇచ్చిన మొదటి అర్జీ, కాలేజీ కోర్టులో బండలు తీసి సిమెంటు వేయించాలని. కొత్త కందులు దిగితే మిల్లు జాగా మాకు ఉండదు. వెనక కొత్త బ్లాకుకు సిమెంటు పని ఎలాగూ నడుస్తోంది, అందుకని ఒప్పుకున్నారు. పాత ఆటగాళ్ళు గ్రూపులో మళ్ళీ మండిపడ్డారు. కనీసం ఒక వరసైనా ఉంచమని, సార్ గుర్తుగా. ఉంచనన్నాను. ఒక వరస ఉన్నా పిల్లలు దాన్ని లెక్కపెడతారు.

బండలు లేపే రోజు పొద్దున్నే వెళ్ళాను. సార్ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. కుర్చీలో కూర్చోలేదు. గడ్డపారలు పట్టుకున్న కూలీల మధ్య నిలబడి గదమాయిస్తున్నారు. "అరే, గట్ల నడుమకెయ్యకు, పగుల్తది! మూలకు పెట్టి మెల్లగ లేపు!" వాళ్ళు ఆయన చెప్పినట్టే చేశారు. బండలు ఒక్కొక్కటే లేచి గోడకు ఆనుతున్నాయి. కింద నల్ల మట్టి చల్లగా, తడిగా ఉంది. మధ్యాహ్నం దాకా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. పలకరిస్తే ఓదార్చినట్టు ఉంటుంది. ఆయన ఓదార్పు కోసం రాలేదు.

మేస్త్రీ గోడ పక్కన మోరీ కాలువ వైపు తాడు కట్టి వాలు చూస్తుంటే మాత్రం ఆయన ఆగలేకపోయారు.

"వాననీళ్ళు ఎటు పెడుతున్నవ్?"

"మోరీ దిక్కు సార్," అన్నాను.

"మోరీ దిక్కొద్దు. చెట్టు దిక్కు పెట్టు. ఎప్పటినుంచో నీళ్ళు అటే పోతయ్."

"చెట్టు దగ్గర నిలబడతయ్ సార్. రెండు రోజులు ప్రాక్టీసు బంద్ అయితది."

"నాకు తెల్వదా? గీ నేల నాకు తెల్వదా?"

మేస్త్రీ తాడు పట్టుకుని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఎటు మేడం?" అన్నాడు.

"మోరీ దిక్కే," అన్నాను.